కుంకుడు నురగ నుంచి షాంపూ బిళ్ళ దాకా

రామకృష్ణాపూర్‌ను చుట్టుపక్కల వాళ్ళంతా ఆర్కేపీ అనే పిలుస్తారు. రైల్లో వచ్చేవాళ్ళు రవీంద్రఖని స్టేషన్లో దిగుతారు. ఇది బొగ్గుబాయి ఊరు. తలస్నానాన్ని వారానికోసారి, పండక్కోసారి అనుకుని ఊరుకోవడానికి ఇక్కడ వీలుండదు. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి కనుబొమ్మల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో బొగ్గుపొడి ఉంటుంది. ఓపెన్‌కాస్ట్ గనుల (ఓసీల) దుమ్ము ఇంటి పట్టున ఉన్నవాళ్ళ తలలనూ వదలదు.

అందుకే ఇంట్లోనే నూనెలు, మూలికలు కలిపి షాంపూ బిళ్ళ చేసుకోవాలన్న ఆలోచన ఇలాంటి ఊళ్ళో మరీ అక్కరకొచ్చేది. పని మొదలుపెట్టే ముందు దాని వెనకున్న సంగతులు తెలుసుకుంటే చేయి కాలదు, జుట్టు చెడదు. ఆ సంగతులు ఒక్కొక్కటిగా చూద్దాం.

షాంపూ అంటే మర్దన

షాంపూ ఇంగ్లీషు వాళ్ళు కనిపెట్టిన మాట కాదు. ఒత్తడం, పిసకడం అనే అర్థమున్న హిందీ మాట 'చాంప్‌నా' నుంచి పుట్టింది. 1759లో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానశాల నడిపి, ఒళ్ళు మర్దన చేస్తూ ఆ మాటను అక్కడ పాతుకునేలా చేశాడు. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులకు ఆయనే మర్దన వైద్యుడు. ఆ పదం తల రుద్దుకునే సబ్బుకు స్థిరపడింది తరువాతి కాలంలోనే.

మన 'తలంటు' కూడా సరిగ్గా ఇలాంటిదే. అంటడమంటే నూనె పట్టించి రుద్దడం. రెండు మాటల్లోనూ నురగ ఊసే లేదు. మాడుకు నూనె పట్టాలి, వేళ్ళు ఆడాలి. కడగడం ఆ తరువాతి పని. షాంపూ బిళ్ళ చేసుకునేవాళ్ళు ఈ వరసను మరిచిపోకూడదు.

నీళ్ళకు బొగ్గు చిక్కదు

బొగ్గుపొడి మీద నీళ్ళు చల్లి చూడండి. చుక్కలు పైనే గుండ్రంగా నిలుస్తాయి, లోపలికి ఇంకవు. బొగ్గుకు నీటిని దూరం పెట్టే గుణం ఉంది, నూనెతో మాత్రం ఇట్టే కలుస్తుంది. బొగ్గు శుద్ధి కర్మాగారాల్లో సన్నటి బొగ్గును రాతిపొడి నుంచి వేరుచేసే ఒక పద్ధతి ఈ గుణం మీదే నడుస్తుంది. నీళ్ళలో కొద్దిగా నూనె, నురగ పుట్టించే మందు కలిపి గాలి ఊదుతారు. బొగ్గు రేణువులు బుడగలను పట్టుకుని పైకి తేలతాయి, రాతిపొడి అడుగున ఉండిపోతుంది.

తలలోనూ జరిగేది అదే. జుట్టుకున్న నూనెజిడ్డు బొగ్గుపొడిని పట్టి ఉంచుతుంది. ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా నల్లదనం వదలదు. ఒక కొసన నీటిని, ఇంకో కొసన నూనెను పట్టుకునే పదార్థం మధ్యలోకి రావాలి. సబ్బయినా కుంకుడు నురగయినా చేసేది ఆ పనే. బాయి పని చేసేవాళ్ళు స్నానానికి ముందు తలకు నాలుగు చుక్కల నూనె రాసుకుంటే మురికి సులువుగా ఊడి వచ్చేది కూడా ఇందుకే.

స్నానానికీ చట్టముంది

గని కార్మికుడికి స్నానం చట్టం ఇచ్చిన హక్కు. 1952 గనుల చట్టం కింద 1959లో బొగ్గుగనుల పిట్‌హెడ్ బాత్ నియమాలు వచ్చాయి. బాయి నుంచి పైకి వచ్చిన కార్మికుడు ఆ నల్లటి ఒంటితోనే ఇంటికి నడవకుండా, గని దగ్గరే కడుక్కునే ఏర్పాటు ఉండాలన్నది వాటి ఉద్దేశం. పరిశుభ్రత ఒక్క మనిషి సొంత గోల కాదని, ఇంట్లో ఆడవాళ్ళ చాకిరీకీ పిల్లల ఊపిరికీ దానితో సంబంధముందని ఈ నియమాలు గుర్తుచేస్తాయి.

పేరులోనే 'భారతదేశపు సబ్బు'

కుంకుడు చెట్టు శాస్త్రీయ నామంలో మొదటి మాట సపిండస్. లాటిన్‌లో సబ్బు అనే మాటనూ ఇండియా అనే మాటనూ కలిపి కట్టిన పేరది. దక్షిణాదిన మనకు దొరికేది సపిండస్ ట్రైఫోలియేటస్, హిమాలయాల వైపు పెరిగేది సపిండస్ ముకొరొస్సి. నురగనిచ్చే సెపోనిన్లు కాయ పైనున్న గుజ్జులో ఉంటాయి, లోపలి నల్ల గింజలో కాదు. కుంకుళ్ళు కొట్టి గింజలు తీసేసే మన అమ్మమ్మల పద్ధతిలో శాస్త్రం అలా ఉంది.

కుంకుడు రసంతో అవుసులవాళ్ళు వెండి బంగారు నగలకు మెరుగు పెడతారు. పట్టుచీరలు రంగు చెడకుండా ఉతుక్కోవడానికీ అదే వాడతారు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. సెపోనిన్లు చేపలకు విషం. కుంకుడు నీళ్ళనైనా సరే చెరువులో, కుంటలో పారబోయకూడదు. పెరట్లో చెట్ల మొదళ్ళలో పోయాలి.

వెంట్రుక మీద గూనపెంకులు

సూక్ష్మదర్శినిలో చూస్తే వెంట్రుక పైభాగం గూనపెంకుల కప్పులా కనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటి సగం కప్పుకున్న పొరలు మొదలు నుంచి కొస వైపు వాలి ఉంటాయి. పులుపు గుణమున్న నీళ్ళు తగిలితే ఆ పెంకులు దగ్గరగా సర్దుకుంటాయి. జుట్టు మెరుస్తుంది, చిక్కు తక్కువ పడుతుంది. క్షారగుణం తగిలితే అవి లేచి నిలబడతాయి. జుట్టు గరుకెక్కి ఒకదానికొకటి పట్టుకుంటుంది.

పులుపును, క్షారాన్ని కొలిచే లెక్క పేరు పీహెచ్. మాడు పీహెచ్ సుమారు 5.5. కుంకుడు, శీకాయ రసాలు పులుపు వైపే ఉంటాయి. కాస్టిక్ సోడాతో చేసిన ఏ సబ్బయినా 9 నుంచి 10 దాకా ఉంటుంది. ఎన్ని మూలికలు కలిపినా ఈ అంకె పెద్దగా మారదు. ఇంట్లో చేసే షాంపూ బిళ్ళ గురించి ముందుగా తెలుసుకోవాల్సిన నిజం ఇది. దీనికి విరుగుడు చివర్లో చెబుతాను.

బంకే అసలు కండిషనర్

మందారాకు నలిపితే వచ్చే జిగురు, నానిన మెంతుల బంక, కలబంద గుజ్జు, బెండకాయ జిగురు అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. పొడుగాటి చక్కెర గొలుసుల్లాంటి పదార్థాలు నీటిని పట్టుకుని వెంట్రుక మీద పలుచని పూతలా నిలుస్తాయి. దువ్వెన జారుతుంది. కుంకుడు పులుసులో మందారాకు వేసి పిసికే అలవాటు మన ఇళ్ళలో ఎప్పటిదో. కుంకుడు కడుగుతుంది, మందారం మెత్తబరుస్తుంది. షాంపూ, కండిషనర్ కలిసే ఉండేవన్నమాట.

గోరింటాకు పని వేరు. అందులోని లాసోన్ అనే రంగు పదార్థం వెంట్రుకలోని కెరటిన్‌ను పట్టుకుంటుంది. గుంటగలగరాకు, ఉసిరి నూనెలో కాచుకోవడానికి బాగుంటాయి.

చౌడు, బూడిద, బొగ్గు బూడిద

కాస్టిక్ సోడా రాకముందు మనకు క్షారం చౌడు నేలలోంచి వచ్చేది. చాకలివాళ్ళు చౌడు కలిపిన నీళ్ళలో బట్టలు ఉడకబెట్టేవాళ్ళు. కట్టెల బూడిదలో పొటాషియం క్షారాలు ఉంటాయి, అందుకే బూడిదతో అంట్లు తోమితే జిడ్డు వదిలేది. మరి బొగ్గు బూడిద? అది పనికిరాదు. దానిలో ఎక్కువగా ఉండేది ఇసుకకూ మట్టికీ దగ్గరి సిలికా, అల్యూమినా. మన జిల్లా జైపూర్‌లోని 1,200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం నుంచో, గోదావరి అవతలి రామగుండం నుంచో వచ్చే బూడిద సిమెంటుకూ ఇటుకలకూ పనికొస్తుంది కానీ సబ్బుకు కాదు. బొగ్గుపొయ్యి బూడిదతో సబ్బు చేద్దామని ఎవరూ ప్రయత్నించకండి.

నూనెకో గుణం

కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. గట్టి బిళ్ళ, గలగలా నురగ దాని వరం. కానీ ఒక్క కొబ్బరినూనెతోనే చేస్తే జుట్టు ఎండుగడ్డిలా అవుతుంది.

ఆముదంలో 85 శాతానికి పైగా రిసినోలిక్ ఆమ్లం. నురగకు నిలకడ, చిక్కదనం ఇస్తుంది. ఆముదం గింజలో విషమున్న మాట నిజమే, నూనెలోకి మాత్రం అది రాదు. ఒకప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో ఆముదం విరివిగా పండేది. పాలెంలోని వ్యవసాయ పరిశోధనా స్థానం హరిత, క్రాంతి వంటి రకాలను తయారుచేసింది.

నువ్వుల నూనె జుట్టుకు మెత్తదనమిస్తుంది. వేపనూనె వాసన ఘాటు కాబట్టి చెంచాడుకు మించొద్దు. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, నాయకపోడులు ఎరిగిన ఇప్పగింజల నూనె మన చలికాలంలో వెన్నలా గడ్డకడుతుంది. సబ్బుకు గట్టిదనం, జుట్టుకు మెత్తదనం రెండూ ఇవ్వగల నూనె అది.

24 డిగ్రీల గీత

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే ఆదిలాబాద్ వైపు చలికాలంలో సీసా ఎండలో పెట్టుకోవాలి, రోహిణి కార్తెలో నీళ్ళలా పారుతుంది. సబ్బుగా మారాక ఈ గొడవ లేదు. నూనె నూనెగా మిగలదు కాబట్టి బొగ్గుగనుల ఎండలకూ బిళ్ళ కరగదు.

వెంట్రుక లోపలికి వెళ్ళే నూనె

2003లో మన దేశపు పరిశోధకులు కొబ్బరి, పొద్దుతిరుగుడు, ఖనిజ నూనెలను పోల్చి చూశారు. స్నానానికి ముందూ తరువాతా రాసినప్పుడు వెంట్రుకలోని మాంసకృత్తులు పోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. దాని అణువు తిన్నగా, చిన్నగా ఉండటం వల్ల వెంట్రుక లోపలికి దూరగలుగుతుందని వాళ్ళు వివరించారు. సబ్బులో కలిసిపోయిన నూనెకు ఈ గుణముండదు. కాబట్టి ఎంత మంచి బిళ్ళ చేసుకున్నా తలకు నూనె రాసే పని మానకూడదు.

సబ్బు నుంచి గని పేలుడు దాకా

నూనె, క్షారం కలిస్తే సబ్బుతో పాటు గ్లిజరిన్ కూడా పుడుతుంది, నూనె బరువులో దాదాపు పదో వంతు. పెద్ద కర్మాగారాలు దాన్ని వేరుచేసి విడిగా అమ్ముతాయి. గ్లిజరిన్ నుంచి నైట్రోగ్లిజరిన్, దాని నుంచి 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైట్ వచ్చాయి. గనుల్లో రాయి పగలగొట్టడానికి వాడిన పేలుడు పదార్థాలకూ మనం ఒళ్ళు రుద్దుకునే సబ్బుకూ చుట్టరికం అలా కలిసింది. ఇంట్లో చేసిన బిళ్ళలో గ్లిజరిన్ మొత్తం బిళ్ళలోనే ఉండిపోతుంది. తేమను పట్టి ఉంచేది అదే. ఇంటి సబ్బు మెత్తగా అనిపించడానికి ముఖ్య కారణం కూడా అదే.

కార్మికుల కోసం పుట్టిన సబ్బు

1969లో రైల్వేలో డాక్టరుగా పనిచేసిన వి.పి. సిధన్, చర్మవ్యాధులతో వచ్చే రైల్వే కార్మికుల కోసం మద్రాసులో ఇంట్లోనే మూలికల నూనెతో సబ్బు చేసి ఇచ్చాడు. ఆ సబ్బే మెడిమిక్స్. వంటింటి పాత్రలో మొదలైన పని దేశమంతా తెలిసిన పేరయింది. ఒళ్ళు మురికయ్యే పని చేసేవాళ్ళ అవసరం నుంచి మంచి సబ్బు పుట్టిందన్నది మన బొగ్గు ఊళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

తలరంగూ బొగ్గులోంచే

1856లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ బొగ్గుతారు నుంచి వచ్చిన పదార్థాలతో మలేరియా మందు చేయబోయి, ఊదారంగు కనిపెట్టాడు. కృత్రిమ రంగుల పరిశ్రమకు అదే నాంది. ఇప్పటి తలరంగుల్లోని పీపీడీ అనే రసాయనం ఆ తారు రంగుల కుటుంబానిదే. మొదటి ప్రపంచ యుద్ధంలో నూనెలకు కరువొచ్చిన జర్మనీ, బొగ్గుతారులోని నాఫ్తలీన్ నుంచి సబ్బు కాని సబ్బును, అంటే తొలి కృత్రిమ డిటర్జెంటును, తయారుచేసుకుంది. చుండ్రుకు, సొరియాసిస్‌కు తారు షాంపూలను డాక్టర్లు నేటికీ రాస్తారు.

ఒక హెచ్చరిక. 'నల్ల గోరింట' పేరుతో అమ్మే పొడుల్లో పీపీడీ కలిపి ఉండవచ్చు. గోరింటాకు తనంతట తాను నల్లగా పండదు, ఎర్రగానే పండుతుంది. నల్లటి రంగు కనిపిస్తే అనుమానించండి.

పొట్లం వచ్చి కుంకుడును మరిపించింది

1983లో తమిళనాడులో మొదలైన చిక్ షాంపూ, చిన్న పొట్లంలో అందరి చేతికీ అందే ధరకు వచ్చింది. కిరాణా కొట్టు ముందు పొట్లాల దండలు వేలాడాయి. కుంకుళ్ళు కొట్టే శ్రమ తప్పింది నిజమే, కానీ చించి పారేసిన పొట్లాలు మోరీల్లో మిగిలాయి. షాంపూ బిళ్ళ కాగితంలో చుట్టినా చాలు. బిళ్ళ వైపు మనసు మళ్ళడానికి ఇదొక్కటి చాలు.

ఇంట్లో బిళ్ళ: కొలత తప్పకూడదు

కొబ్బరినూనె 300 గ్రాములు, ఆముదం 100 గ్రాములు, నువ్వుల నూనె 100 గ్రాములు. కాస్టిక్ సోడా 76 గ్రాములు. నీళ్ళు 165 గ్రాములు. ఈ లెక్కలో సుమారు 6 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగులుతుంది. జుట్టుకు మెత్తదనమిచ్చేది ఆ మిగులే. గ్లాసులతో, చెంచాలతో కొలవకండి. నూనెలు, సోడా, నీళ్ళు అన్నింటినీ గ్రాము తేడా తెలిసే తక్కెడలో తూచాలి. ఒక నూనెకు బదులు ఇంకొకటి వాడితే సోడా లెక్క మళ్ళీ వేసుకోవాల్సిందే. ప్రతి నూనెకూ పట్టే క్షారం వేరు.

ముందు రోజే నువ్వుల నూనెలో ఎండిన గుంటగలగరాకు, మందారాకు, ఉసిరిపొడి వేసి సన్నని సెగ మీద వెచ్చబెట్టి వడకట్టండి. వడకట్టాక 100 గ్రాములుండేలా చూసుకోండి. పచ్చి ఆకులు మాత్రం బిళ్ళలో వేయొద్దు, బూజు పడుతుంది. ఎండాకుల పచ్చదనం కూడా క్షారం తగిలితే కొద్దిరోజుల్లో గోధుమరంగుకు తిరుగుతుంది, అది చెడిపోవడం కాదు.

నీళ్ళలో సోడాను కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు, ఎగిసి మీద పడుతుంది. కలిపిన నీళ్ళు సలసలా వేడెక్కుతాయి. అవి, నూనెలు రెండూ గోరువెచ్చగా, 40 డిగ్రీల దగ్గరికి వచ్చాక కలిపి చిలకాలి. దోసెపిండి జారులా చిక్కబడ్డాక మెత్తటి శీకాయ పొడి ఒక చెంచా కలిపి అచ్చులో పోయాలి. రెండు రోజులకు కోసి, గాలి తగిలే నీడలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి.

అల్యూమినియం గిన్నె వద్దు

కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, మంటపట్టే హైడ్రోజన్ వాయువు వస్తుంది. స్టీలు గిన్నె, గట్టి ప్లాస్టిక్ డబ్బా వాడండి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు, కిటికీలు తెరిచిన గది తప్పనిసరి. పిల్లలు బడికి వెళ్ళిన వేళే చేయండి. సోడా నీళ్ళను నీళ్ళ సీసాల్లో, తాగే గ్లాసుల్లో ఎన్నడూ ఉంచకండి. ఒంటి మీద పడితే ధారగా నీళ్ళు పోస్తూ కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

సోడా అంటే భయముంటే చేయొద్దు. కుంకుడు, శీకాయ, మెంతుల పొడులు కలిపి పెట్టుకుని, వాడేముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ముద్ద చేసుకోండి. అదీ పూర్తి షాంపూయే. దాని పీహెచ్ మీ మాడుకు ఇంకా దగ్గర.

బోరు నీళ్ళూ నిమ్మకాయా

బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు వాటితో కలిసి తెల్లటి అంటు కడుతుంది. 'ఇంటి సబ్బుతో జుట్టు అట్టకట్టింది' అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే. ఇంతకుముందు చెప్తానన్న విరుగుడు ఇక్కడ పనికొస్తుంది. చివరి చెంబు నీళ్ళలో అరచెక్క నిమ్మరసం పిండి తలమీద పోసుకుని, మళ్ళీ మామూలు నీళ్ళతో కడిగేయాలి. పులుపు ఆ అంటును విడగొడుతుంది, లేచిన పెంకులను సర్దుతుంది. కుంకుడు నురగకు ఈ ఇబ్బంది లేదు, అలాంటి నీళ్ళలోనూ అది అట్ట కట్టదు.

తలరంగు వేసుకునేవాళ్ళు, మాడు మీద పుండ్లున్నవాళ్ళు సబ్బు బిళ్ళ వాడొద్దు. కొత్త బిళ్ళ ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒకరోజు చూడండి.

అమ్మాలంటే లైసెన్సు

ఇంటివాడకానికి చేసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. అమ్మకానికి చేస్తే 2020 సౌందర్య సాధనాల నియమాల ప్రకారం తయారీ లైసెన్సు తీసుకోవాలి. స్వయం సహాయక సంఘాల మహిళలు ఈ పని పెట్టుకోదలిస్తే, కొలతలూ జాగ్రత్తలూ చేతికి పట్టాక, లైసెన్సు చేతికొచ్చాకే సంతకు వెళ్ళాలి. అమ్మే సబ్బుకు నాణ్యత కొలత కూడా ఉంది. దుకాణం సబ్బు పెట్టె మీద కనిపించే టీఎఫ్ఎం అంకె, సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థాల శాతం. 76 ఆపైన ఉంటే మొదటి తరగతి స్నానపు సబ్బు.

చివరిగా ఒక మాట

'జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది' అన్నారు పెద్దలు. ఆ జుట్టును కాపాడే సామగ్రిలో సగం మన అడవిలోనే, మన పెరట్లోనే ఉంది. బిళ్ళ చేసుకోగలిగినవాళ్ళు తూకం చూసుకుని, జాగ్రత్తగా చేసుకోండి. చేయలేనివాళ్ళు కుంకుళ్ళు కొట్టుకోండి. రెండింటిలో ఏది ఎంచుకున్నా, ఈ వానాకాలం క్వార్టరు వెనకో, బడి ఆవరణలోనో ఒక కుంకుడు మొక్క నాటండి. కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, అందుకే ఇప్పుడే నాటాలి. ఈరోజు బాయి నుంచి ఇంటికొచ్చే నాన్న తలకు కాకపోయినా, రేపు మన పిల్లల తలలకు ఆ నురగ అందుతుంది.